దూలానికి వేసిన చీర, దారిన పోయే బండి

ఇంగ్లండులోని లీడ్స్‌లో పిల్లల సామాన్లు అమ్మే ఒక దుకాణంలో, అద్దాల పక్కన ఒక పెద్ద నల్లటి ప్రామ్, అంటే చంటిపిల్లల్ని తోసే బండి, పెట్టి ఉంది. మా ఆవిడ దాని అంచు మీద రెండు వేళ్లు ఆనించి మెల్లగా నొక్కింది. తొట్టి కిందికి దిగి, పైకి లేచి, రెండు మూడు సార్లు ఊగి ఆగింది. "ఇది ఉయ్యాలేనండీ, చక్రాలు పెట్టారంతే" అంది.

వంగి చూశాను. నిజమే. ఆ తొట్టి చక్రాల మీద కూర్చుని లేదు. కింద వంపు తిరిగిన ఉక్కు కమ్మీలున్నాయి. వాటి కొసల నుంచి తోలు పటకాలు దిగుతున్నాయి. తొట్టి బరువంతా ఆ పటకాలకే వేలాడుతోంది. పాత గుర్రబ్బగ్గీలను ఇలాగే కట్టేవారు. ఇంగ్లండు ప్రామ్ ఆ బగ్గీకి బిడ్డ. నేనేమో అది మన ఉయ్యాలకు దూరపు బంధువేమో అనుకుంటూ దుకాణంలోకి వెళ్లాను. బయటికి వచ్చేసరికి దగ్గరి చుట్టమే అనిపించింది.

అక్కడ ఉంటున్న మా అమ్మాయి లతకు అప్పుడు ఏడో నెల. తొలి కాన్పు. ఏ బండి కొనాలో తేల్చుకోలేక నెల రోజులుగా సతమతమవుతోంది. మేం వచ్చాక మా ఆవిడ పెట్టెలోంచి మడత పెట్టిన నేత చీర తీసి "ముందు ఇది దాచుకో" అని చేతిలో పెట్టింది. ఆ చీరనూ ఆ బండినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న కోరిక నాకు అక్కడే పుట్టింది. రెండూ నాకు ఇష్టమే. ఒకదాన్ని గెలిపించి రెండోదాన్ని ఓడించాలని లేదు.

చీర ఉయ్యాల గురించి మన పాఠకులకు చెప్పక్కర్లేదు. పెంకుటింటి దూలం మీంచి చీర వేసి, కొసలు కలిపి పీటముడి బిగించి, లోపల మెత్తగా పాత దుప్పటి పరిచి, బట్ట మూసుకుపోకుండా అడ్డకర్ర పెడితే అయిపోయింది. కొత్త చీర పనికిరాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డది కావాలి, అమ్మమ్మదైతే మరీ మంచిది. నాట్ల రోజుల్లో అదే చీర పొలం గట్టు మీది వేపకొమ్మకు ఎక్కుతుంది. తల్లి మడిలో నడుం వంచి నాటుతూ ఉంటే, చంటిది ఆకుల నీడలో ఊగుతూ ఉంటుంది. పని అయ్యాక ముడి విప్పి భుజాన వేసుకుంటే ఉయ్యాల మాయమై మళ్లీ చీర అవుతుంది. ప్రపంచంలో ఇంతకన్నా చిన్నగా మడతపడే పిల్లల సామాను నేను చూడలేదు.

ప్రామ్ పుట్టుక వేరు. 1733లో విలియం కెంట్ అనే వాస్తుశిల్పి డెవన్‌షైర్ డ్యూకు పిల్లల కోసం గవ్వ ఆకారంలో ఒక చిన్న బండి చేశాడు. దాన్ని తోసేది లేదు, మేకో పొట్టి గుర్రమో లాగాలి. మనం దేవుణ్ణి ఉయ్యాలలో కూర్చోబెట్టి ఊపాం, పాడాం. తిరుమలలో సాయంత్రం ఊంజల్ సేవ నేటికీ జరుగుతోంది. ఇంగ్లీషువాళ్లు దొరల పిల్లల్ని బండెక్కించి తోటలో తిప్పారు. మన ఉయ్యాల గుడిలోనూ ఉంది, గుడిసెలోనూ ఉంది. ప్రామ్ మాత్రం దొర ఇంటి నుంచి మామూలు ఇంటికి దిగి రావడానికి నూరేళ్లు దాటాయి. పందొమ్మిదో శతాబ్దం నడుమన లాగే బండి తోసే బండి అయింది. ఛార్లెస్ బర్టన్ అనే ఆయన దానికి 1853లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. 1877లో విలియం విల్సన్ ఇదే లీడ్స్‌లో సిల్వర్ క్రాస్ కంపెనీ పెట్టాడు. మేం చూసిన నల్ల బండి ఆ కంపెనీదే, పేరు బాల్మోరల్. ఇప్పటికీ చేత్తో కడతారు. వెల వెయ్యి పౌండ్లు దాటుతుంది.

పెరాంబ్యులేటర్ అన్న మాటకు అర్థం చుట్టూ తిరిగేది అని. దాన్నే కుదించి ప్రామ్ అన్నారు. పేరులోనే తిరుగుడు ఉంది. ఉయ్యాల అన్న మాటలో ఊగడం ఉంది, అదీ ఉన్నచోటనే. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం నిజానికి ఇద్దరు తల్లుల మధ్య ఉన్న దూరం. మన బాలింత గడప దాటదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, వేన్నీళ్లు, పథ్యం. బిడ్డ తల్లి దగ్గరే, తల్లి గదిలోనే. ఆమెకు కావలసింది కదలకుండా బిడ్డను ఊపే సాధనం. ఇంగ్లండులో మాత్రం కాన్పయిన కొన్నాళ్లకే తల్లి రొట్టె కోసమో మందుల కోసమో వీధిలోకి నడవాలి. చాలా ఇళ్లలో తోడు ఎవరూ ఉండరు. ఆమెకు కావలసింది బిడ్డతో సహా నడిచే సాధనం. అందుకే ఒకటి ఇంటి దూలాన్ని అడిగింది, రెండోది వీధి కాలిబాటను అడిగింది. హైదరాబాదులో చాలా వీధుల్లో ప్రామ్ ఎందుకు నడవదో, ఇంగ్లండు ఇళ్లలో ఉయ్యాల ఎందుకు వేలాడదో ఈ ఒక్క మాటతో తేలిపోతుంది. తప్పు బండిదీ కాదు, చీరదీ కాదు.

ఇంకో తేడా కూడా ఉంది. మన దగ్గర ఎత్తుకోవడం వేరు, పడుకోబెట్టడం వేరు. మొదటిది చంక పని, రెండోది ఉయ్యాల పని. ప్రామ్ ఈ రెండు పనుల్నీ ఒక్క తొట్టిలో కలిపేసింది. మన అమ్మమ్మలకు మొదట్లో మింగుడు పడనిది ఇదే. "ఎత్తుకోకుండా తోసుకుంటూ పోతారేంటి?" అని మా ఆవిడ వచ్చిన వారంలోనే అడిగింది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కాకపోతే నలుగురు చేతులు మార్చి ఎత్తుకునే ఇంట్లో పుట్టిన ప్రశ్న అది. ఇద్దరే ఉండే ఇంట్లో చంక ఎంతసేపు ఆగుతుంది?

చీర బిడ్డను దాస్తుంది. లోపల బిడ్డకు కనిపించేది బట్టలోంచి వడగట్టిన వెలుతురు ఒక్కటే. బయటివాళ్లకు కనిపించేది ఒక ఉబ్బు, ఒక పాదం. దిష్టి తగలకూడదు, ఈదురుగాలి తగలకూడదు. ప్రామ్ బిడ్డను చూపిస్తుంది. వీధిలో ఎదురైన ప్రతివాళ్లూ తొట్టిలోకి తొంగి చూసి ఓ మంచిమాట అనడం ఇంగ్లండు మర్యాద. గాలి కూడా అక్కడ శత్రువు కాదు. ఇరవయ్యో శతాబ్దపు మొదటి భాగంలో న్యూజిలాండ్ వైద్యుడు ట్రూబీ కింగ్ వంటివారు చంటిపిల్లలకు చల్లగాలి మందు లాంటిదని గట్టిగా చెప్పారు. ఇంగ్లీషు తల్లులు ప్రామ్‌ను పెరట్లోకి తోసి, బిడ్డను అక్కడే నిద్రపుచ్చేవారు. డెన్మార్క్, నార్వే వంటి చోట్ల ఇప్పటికీ చలికాలంలో పిల్లలు ఆరుబయట బండిలోనే నిద్రపోతారు. మా ఆవిడ ఈ సంగతి విని చెవులు మూసుకుంది.

అయినా చుట్టరికం ఎక్కడెక్కడ బయటపడుతుందో చూడండి. కాన్పు కాకముందు ఉయ్యాల కొని తేకూడదంటారు మన పెద్దవాళ్లు. ఇంగ్లండులోనూ బిడ్డ పుట్టకముందు ప్రామ్ ఇంట్లోకి రాకూడదన్న నమ్మకం ఉంది. డబ్బు కట్టించుకుని, కాన్పయ్యేదాకా బండిని తమ దగ్గరే ఉంచే దుకాణాలు అందుకే ఉన్నాయి. ఖాళీ ఉయ్యాల ఊపితే బిడ్డకు కడుపునొప్పి వస్తుందని మనం అంటాం. అలాగే ఖాళీ ఉయ్యాల ఊపకూడదని అక్కడి పల్లెల్లోనూ అనేవారు. ఊపితే ఆ ఇంట వెంటనే ఇంకో బిడ్డ పుడుతుందని వాళ్ల లెక్క. చంటిబిడ్డను తొలిసారి చూసినప్పుడు మనం గుప్పిట్లో నోటు పెడతాం. స్కాట్లాండులో ప్రామ్‌లోకి వెండినాణెం జారవిడుస్తారు. మా అమ్మాయికి పొరుగింటి స్కాటిష్ పెద్దావిడ ఈ సంగతి చెబుతుంటే మా ఆవిడ తల ఊపుతూ వింది. భాష రాదు, విషయం మాత్రం ముందే తెలుసు.

పాతదాన్ని గౌరవించడంలోనూ అంతే. 2015లో షార్లెట్ యువరాణి బాప్టిజానికి తల్లి తోసుకొచ్చింది రాజకుటుంబంలో వెనకటి తరం పిల్లలు తిరిగిన పాత మిల్సన్ ప్రామ్‌నే. మన ఇంట్లో ముగ్గురు పిల్లలూ ఊగిన చీరను నాలుగో బిడ్డకు దాచడం అలాంటిదే. కాకపోతే ఆ బండిని కాపాడటానికి షెడ్డు కావాలి, ఈ చీరకు పెట్టె అడుగు చాలు.

ఇక ముఖం సంగతి. నా దృష్టిలో ఈ పోలికకు గుండెకాయ ఇదే, అందుకే కాస్త ఆగుతాను.

ఉయ్యాలలో ఉన్న బిడ్డకు తల్లి కనబడదు. తాడు ఒక చివర ఉయ్యాలకు, రెండో చివర తల్లి చేతిలో, చేతులు ఖాళీ లేకపోతే కాలి బొటనవేలికి. కూరగాయలు తరుగుతూనే ఊపుతుంది. మరి తాను ఇక్కడే ఉన్నానని బిడ్డకు తెలిసేదెలా? పాటతో. కంటికి అందని తల్లి చెవికి అందాలి గనకే మన జోలపాట అంత పెరిగిందని నాకనిపిస్తుంది. అన్నమయ్య అంతటివాడు లాలిపాటలు కట్టాడు. పాటలు రాని తల్లి కూడా "జోజో" అని రెండక్షరాలు పట్టుకుని అరగంట లాగగలదు. ఇంగ్లీషువాళ్ల జోలపాటల్లో అందరికీ తెలిసిన రాకబై బేబీలో కూడా ఊగేది తొట్టి ఉయ్యాలే, అదీ చెట్టుకొమ్మ మీద. ప్రామ్‌కంటూ అంతటి పాట ఏదీ పుట్టలేదు. అక్కర్లేకపోయింది. పాత ప్రామ్‌లో బిడ్డ పడుకుని కళ్లెత్తితే తోసే మనిషి ముఖమే కనిపిస్తుంది. ఉయ్యాలలో పాట చేసిన పని ఆ బండిలో చూపు చేసింది.

ఆ చూపు విలువ కనిపెట్టినవాడు విలియం రిచర్డ్‌సన్. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఉన్న ఆఫ్రికన్ అమెరికన్. తొట్టి తల్లివైపూ తిరగాలి, వీధివైపూ తిరగాలి అని ఒక కీలు అమర్చి 1889లో పేటెంటు తీసుకున్నాడు. కానీ తర్వాత వచ్చిన తేలికపాటి బళ్లలో ఆ చూపు పోయింది. బిడ్డను ముందుకు తిప్పి కూర్చోబెట్టారు. తోసేవాళ్లు వెనక, బిడ్డ ముందు, ఇద్దరి మధ్యా గుడ్డ. 2008లో డండీ విశ్వవిద్యాలయంలో సుజాన్ జీడిక్ చేసిన అధ్యయనం, ముఖాముఖి బళ్లలో తల్లిదండ్రులు పిల్లలతో ఎక్కువ మాట్లాడతారని చెప్పింది. అధ్యయనం సరే, నేను లీడ్స్ వీధుల్లోనే చూశాను. ముందుకు తిరిగిన బండిలో ఒక చంటివాడు బస్సును చూసి కేరింత కొట్టి, దాన్ని ఎవరికో చెప్పాలని మెడ వెనక్కి తిప్పాడు. వాడికి కనిపించింది బండి గుడ్డ. ఉయ్యాలలో బిడ్డకు ముఖం లేకపోయినా పాట ఉంది. ఆ బండిలో రెండూ లేవు. నాకు ఆ బండి నచ్చలేదు.

అయితే ఆ తేలిక బండికి మూలపురుషుడి మీద మాత్రం నాకు గౌరవం. ఓవెన్ మెక్లారెన్ విమానాల ఇంజనీరు. రెండో ప్రపంచయుద్ధంలో పేరు మోసిన స్పిట్‌ఫైర్ విమానం చక్రాల అమరికలో పనిచేసినవాడు. మాస్కో నుంచి మనవరాలిని తీసుకుని వచ్చిన కూతురు బరువైన బండితో పడుతున్న అవస్థ చూసి, అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బండి చేశాడు. 1965లో పేటెంటు, 1967లో అమ్మకం. బరువు ఆరు పౌండ్లు, అంటే మూడు కిలోలకు లోపే. ఒక తాతయ్య చేసిన పని కాబట్టి నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. ఆ బండిని విప్పి చూడండి: కర్రల్లాంటి గొట్టాలు, వాటి మధ్య వేలాడే గుడ్డ. అందులో బిడ్డ బరువుకు గుడ్డ సాగి, ఒళ్లు పట్టేలా వంపు తిరుగుతుంది. బాల్మోరల్ కన్నా అది మన చీరకే దగ్గర. తోలు పటకాల తొట్టి, అల్యూమినియం మధ్య గుడ్డ, దూలానికి చీర, మూడూ వేలాడేవే.

పైగా మెక్లారెన్ బండి ఏ ఇబ్బందిలో పుట్టిందో, మన స్టీలు స్టాండు ఉయ్యాల కూడా ఆ ఇబ్బందిలోనే పుట్టింది. అక్కడ ఇళ్లు చిన్నవయ్యాయి, ప్రామ్ పెట్టుకునే పంచ పోయింది, కారు డిక్కీలో పట్టేది కావలసి వచ్చింది. మన దగ్గర పెంకుటిల్లు పోయి శ్లాబు వచ్చింది, దూలం పోయింది. ఫ్యాను కొక్కేనికి కడదామంటే ఫ్యాను తీసేయాలి. అందుకని స్టాండు, దానికి స్ప్రింగు. స్ప్రింగు ఉయ్యాల పైకీ కిందికీ ఎగురుతుందే గాని, దూలం చీరలా పక్కకు తేలదు. బిడ్డ నిద్రపోతుంది, కాదనను. కానీ మా అమ్మ ఊపిన ఉయ్యాల చప్పుడు, దూలానికి చీర రాసుకునే కిర్రుమన్న ఆ చప్పుడు, స్ప్రింగుకు లేదు.

ప్రేమ ఉంది కదా అని ప్రమాదాల్ని దాచకూడదు. చీర ఉయ్యాలకు ముడే ప్రాణం. ముడి జారినా, పెద్దపిల్లలు ఆటగా చీర మెలిపెట్టినా ప్రాణం మీదికి వస్తుంది. పైగా చీర ఒంపులో నెలల బిడ్డ గడ్డం గుండెకు ఆనుకుంటుంది, ఊపిరి ఇరుకవుతుంది. చంటిబిడ్డ వెల్లకిలా, చదునైన గట్టి పరుపు మీద నిద్రపోవాలన్నది నేటి వైద్యుల మాట. అది రాత్రి నిద్రకే కాదు, పగటి నిద్రకూ. అలాగే ప్రామ్‌కు బ్రేకే ప్రాణం. 1925లో ఐజెన్‌స్టీన్ తీసిన బ్యాటిల్‌షిప్ పొటెంకిన్ సినిమాలో, ఒడెస్సా మెట్ల మీద తల్లి చేయి జారిన ప్రామ్ దొర్లుకుంటూ పోయే దృశ్యం ఒక్కసారి చూస్తే మరవలేం. ఎండాకాలంలో ప్రామ్ మీద పలచటి గుడ్డే కదా అని కప్పుతారు, లోపల వేడి కుండలా పేరుకుంటుంది. ఇంకొక మాట, కారు సీటును చక్రాల చట్రానికి బిగించి అదే బండిగా గంటలకొద్దీ తిప్పడం తేలికే గాని, అందులో కూడా బిడ్డ ముడుచుకునే ఉంటుంది. అది ప్రయాణానికి, పడకకు కాదు.

ఉయ్యాల నట్టింట్లో ఉంటే ఇంటిల్లిపాదీ వంగి దాటుతారు, ఎవరూ విసుక్కోరు. వీధిలో ప్రామ్‌కు ఆ సౌకర్యం లేదు. 2012లో వెదర్‌బీ నుంచి లీడ్స్ వచ్చే బస్సులో వీల్‌చైర్ చోటులో ఒక తల్లి బండి పెట్టుకుంది. బిడ్డ నిద్రపోతోందని, బండి ముడుచుకోదని ఆమె కదల్లేదు. వీల్‌చైర్‌లో వచ్చిన డగ్ పౌలీ ఆ బస్సులో వెళ్లలేకపోయాడు. ఆయన వేసిన దావా అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక్కసారి అడిగి ఊరుకోవడం చాలదు, డ్రైవరు ఇంకా గట్టిగా ప్రయత్నించాలని 2017లో కోర్టు చెప్పింది. ఆ తల్లి బాధా నాకు తెలుసు, ఆయన బాధా తెలుసు. కానీ బండి కొనేటప్పుడు అది ముడుచుకుంటుందా అని చూడటం మన వసతికే కాదు, పక్కవాడి హక్కుకు కూడా.

చివరికి మేం టేపు పట్టుకున్నాం. అల్లుడు తలుపు కొలిచాడు. డెబ్బై ఆరు సెంటీమీటర్లు. గుమ్మం ముందు నాలుగు రాతి మెట్లు. కారు డిక్కీ, బస్టాపుకు నడక, మెట్ల మీదుగా ఎత్తాల్సిన బరువు, అన్నీ కాగితం మీద రాశాడు. "మామయ్యగారూ, ఈ మెట్లు లత ఒక్కత్తే ఎక్కించాలి, నేను ఆఫీసులో ఉంటాను" అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం బళ్లు కొట్టుకుపోయాయి. బాల్మోరల్ ముందే పోయింది. దాన్ని చూసి వచ్చాం, చాలు. మెక్లారెన్ తరహా గొడుగు బండి కూడా తొలి నెలలకు పోయింది. బిడ్డ ఆసరా లేకుండా కూర్చునేదాకా, అంటే సుమారు ఆరు నెలలదాకా, చదునుగా పడుకునే తొట్టే కావాలి. తీసుకున్నది చదునైన తొట్టి ఉన్న మధ్యరకం బండి. తల్లివైపు తిరుగుతుంది, ఒక చేత్తో ముడుచుకుంటుంది, వెడల్పు అరవై సెంటీమీటర్లు. రిచర్డ్‌సన్ కీలు, మెక్లారెన్ మడత రెండూ అందులో ఉన్నాయి. బిడ్డ పుట్టాకే ఇంటికి పంపమని దుకాణంలో చెప్పాం. వాళ్లకు కారణం చెప్పవలసిన పని పడలేదు.

నేత చీర బీరువాలో ఉంది. ఈ ఇంట్లో దూలం లేదు, ఉన్నా నిద్రకు కట్టనిచ్చేవాళ్లం కాదు. మా ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి, పగటిపూట బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకునేటప్పుడు కింద వేసుకుంటానంది. జోలపాట ఆమెకు వచ్చు, బండి తోస్తున్నప్పుడూ పాడుతుంది.

కాన్పులకని విదేశాలకు వెళ్లే అమ్మమ్మలకూ తాతయ్యలకూ నాది ఒక్క విన్నపం. మన ఊళ్లో కూర్చునే ఏ బండి కొనాలో చెప్పకండి. వెళ్లి ఆ ఇంటి మెట్లెక్కి, ఆ వీధిలో నడిచి, బస్సు ఒకసారి ఎక్కి చూశాక చెప్పండి. వెళ్లేటప్పుడు మాత్రం ఉతికిన పాత చీరలు రెండు పెట్టెలో పెట్టుకోండి.